చిన్న మిల్లు, కొట్టు పెట్టు రైతులు మరుగుదొడ్డి కట్టించుటలో పాటించవలసిన నియమములు

పండిన పంటను పండినట్లే అమ్మివేయక, బియ్యముగనో పప్పుగనో నూనెగనో మార్చి అమ్ముకొనిన నాలుగు రూపాయలు ఎక్కువ మిగులునని నేడు అనేకమంది రైతులు గ్రహించినారు. ఊరి వెలుపల, రోడ్డు ప్రక్కన చిన్న రైసు మిల్లు, పప్పు మర, నూనె గానుగ, ఎరువుల కొట్టు, పాల సేకరణ కేంద్రము మొదలైనవి పెట్టుకొనుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము.

ఇట్టి పనికి పూనుకొనునపుడు మోటారు ఎంత శక్తిగలది కావలెను, షెడ్డు ఎంత ఎత్తు ఉండవలెను, బ్యాంకు అప్పు ఎట్లు దొరకును అను విషయములను రైతులు పదిమందిని అడిగి తెలిసికొందురు. మరుగుదొడ్డిని గురించి అడుగువారు మాత్రము అరుదు. షెడ్డు పూర్తియైన పిమ్మట, మిగిలిన ఇటుకలతో, మిగిలిన మూలలో నాలుగడుగుల గది ఒకటి లేపి, పని అయినదనుకొందురు. ఆ గదిని వాడుకొనలేనివారు ఎందరో యజమానికి తెలియదు. తెలియకపోవుటకు కారణము, వారెవ్వరును నోరు తెరచి చెప్పకపోవుటయే.

మా మేనమామగారి సంగతి చెప్పెదను. ఆయనకు వరి నూర్పిడి యంత్రములో పడి మోకాలి క్రింద కాలు పోయినది. అటుపిమ్మట చంకకర్రలతో నడచుచు సేద్యము చేయించెడివారు. ఒక సంవత్సరము ధాన్యము మర పట్టించుటకు మిల్లుకు వెళ్ళి, వరుసలో సాయంత్రము వరకు కూర్చుండవలసి వచ్చినది. అచ్చటి మరుగుదొడ్డికి మూడు మెట్లు, లోపలికి తెరచుకొను తలుపు. చంకకర్రలతో లోపలికి పోయి తలుపు వేసికొనుటకు చోటు లేదు. ఇంటికి చేరువరకు ఓర్చుకొనిరి. మరుసటి సంవత్సరము నుండి ఆయన మిల్లుకు వెళ్ళుట మాని, కళ్ళములోనే దళారికి తక్కువ ధరకు అమ్ముకొనిరి. మిల్లు యజమాని చెడ్డవాడు కాడు. ఒక ఖాతాదారు ఎందుకు రావడము మానుకొన్నాడో ఆయనకు నేటికిని తెలియదు.

కాలు పోయినవారొక్కరే కాదు. మోకాళ్ళ నొప్పులతో గొంతుకూర్చుండలేని పెద్దలు, నిండు గర్భిణులు, పోలియో వచ్చినవారు, పక్షవాతము తగిలినవారు ప్రతి ఊరిలోను గలరు. మిల్లులో చెరుగుటకు, ఏరుటకు వచ్చు స్త్రీలు సరియైన గది లేనిచోట ఉదయము నుండి మంచినీరు త్రాగక పనిచేయుదురు. దానివలన మూత్ర సంబంధమైన వ్యాధులు కలుగును.

చట్టము ఏమి చెప్పుచున్నది?

దివ్యాంగుల హక్కుల చట్టము 2016లో చేయబడి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ఈ చట్టములో 21 రకముల వైకల్యములు గుర్తింపబడినవి. ప్రజలు వచ్చిపోవు కట్టడమేదైనను, ప్రభుత్వముదైనను ప్రైవేటుదైనను, ఈ చట్టము దృష్టిలో ప్రజా కట్టడమే. వ్యాపారము జరుగు స్థలము, పనివారు పనిచేయు స్థలము కూడ అందులో చేరును. కావున "నాది సొంత స్థలము, సొంత మిల్లు" అనుటకు వీలు లేదు.

ఈ చట్టములోని 44వ సెక్షను ప్రకారము, నియమములకు అనుగుణముగా లేని ప్లానుకు కట్టడపు అనుమతి ఈయరాదు; కట్టడము పూర్తియైనట్లు ధ్రువపత్రమును ఈయరాదు. అంతకుముందే కట్టిన ప్రజా కట్టడములను సరిచేయుటకు 45వ సెక్షను అయిదు సంవత్సరముల గడువు నిచ్చినది. నియమములు 2017లో వెలువడినవి గనుక ఆ గడువు 2022తో తీరినది. చట్టమును ఉల్లంఘించినచో మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆ తరువాత 50,000 రూపాయలకు తగ్గకుండ 5 లక్షల వరకు జరిమానా పడును.

కొలతల విషయములో కేంద్ర ప్రభుత్వము 2016లో మార్గదర్శకములను ప్రకటించి, 2021లో వానిని సవరించినది. మార్గదర్శకములు సలహాలుగా మాత్రమే ఉన్న చాలదనియు, తప్పనిసరిగ పాటించవలసిన ప్రమాణములను ప్రత్యేకించి ప్రకటించవలెననియు 2024 నవంబరులో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. కావున ప్లాను దాఖలు చేయునాటికి ఏ నియమములు అమలులో నున్నవో పంచాయతీ కార్యాలయములోను, ఇంజనీరు వద్దను అడిగి, ఆ ప్రతిని దగ్గర నుంచుకొనవలెను.

పనివారి విషయములో వేరొక చట్టము గలదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము స్థానములో, 2020లో చేయబడిన వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. పదిమంది లేక అంతకుమించిన పనివారు గల సంస్థలకు ఇది వర్తించును. పురుషులకు, స్త్రీలకు, ట్రాన్సుజెండరు వ్యక్తులకు వేరువేరుగ మరుగుదొడ్లు, మూత్రశాలలు ఏర్పాటుచేసి శుభ్రముగ నుంచుట యజమాని బాధ్యత యని ఈ కోడు చెప్పుచున్నది.

బియ్యము, నూనె, పప్పు, పాలు మొదలైన ఆహార పదార్థముల వ్యాపారమైనచో ఆహార భద్రతా లైసెన్సు నిబంధనలు కూడ వర్తించును. వాని ప్రకారము మరుగుదొడ్డి తలుపు సరుకు తయారగు గదిలోనికిగాని, నిలువ చేయు గదిలోనికిగాని నేరుగ తెరచుకొనరాదు. చేతులు కడుగుకొను ఏర్పాటు తప్పక ఉండవలెను.

ఎన్ని గదులు కట్టవలెను?

పాత ఫ్యాక్టరీ నిబంధనలలో ప్రతి 25 మంది స్త్రీలకు ఒకటి, ప్రతి 25 మంది పురుషులకు ఒకటి చొప్పున మరుగుదొడ్లు ఉండవలెనని గలదు. ఈ లెక్క చిన్న మిల్లులకు ఇప్పటికిని మంచి కొలబద్ద. దీనితోపాటు ఖాతాదారులను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. కోతల కాలములో మిల్లు ముందు ఎన్ని బండ్లు నిలుచునో చూచి లెక్క కట్టవలెనేగాని, వేసవిలో ఖాళీగనున్న ఆవరణను చూచి కాదు.

ఉదాహరణకు, ఏడుగురు పురుషులు, అయిదుగురు స్త్రీలు పనిచేయు రైసు మిల్లుకు స్త్రీలకొకటి, పురుషులకొకటి, అందరును వాడుకొనదగిన పెద్ద గది యొకటి, మొత్తము మూడు గదులు ఉండిన బాగుండును. భార్యాభర్తలిద్దరే నడుపుకొను ఎరువుల కొట్టుకు ఒక్క గదియే కట్టగల శక్తి యున్నచో, ఆ ఒక్కటియు పెద్ద గదిగనే కట్టవలెను. పెద్ద గదిని అందరును వాడుకొనవచ్చును. చిన్న గదిని కొందరే వాడుకొనగలరు.

దారి, వాలుబాట

ఎంత మంచి గదియైనను, దానిని చేరలేనిచో వ్యర్థము. బండి దిగిన చోటు నుండి గది తలుపు వరకు మెట్టు, కాలువ, ఇసుక, బస్తాల నిట్టు అడ్డము లేని గట్టి బాట ఉండవలెను. వానకాలములో బురద కాని బాట అయి యుండవలెను.

ఎత్తు ఎక్కవలసి వచ్చినచోట వాలుబాట కట్టవలెను. దీనికి లెక్క సులభము: ఒక అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల పొడవు. గది అరుగు అడుగున్నర ఎత్తైనచో వాలుబాట 18 అడుగులు కావలెను. స్థలము చాలదని దానిని ఎనిమిది అడుగులకు కుదించినచో చక్రాల కుర్చీ వెనుకకు జారును. ఇది మెట్లకన్నను ప్రమాదకరము. కావున ముందే ఆలోచించి ఆ గది అరుగును అరడుగు ఎత్తునకు మించకుండ కట్టుకొనుట మేలు. అపుడు ఆరడుగుల వాలుబాటయే సరిపోవును. వాలుబాట వెడల్పు 1.2 మీటర్లకు తగ్గరాదు. తలుపు ముందు 1.5 మీటర్ల సమతలమైన చోటు ఉండవలెను.

గది కొలతలు

మార్గదర్శకములను అనుసరించి, తాపీమేస్త్రీకి, వడ్రంగికి చెప్పవలసిన ముఖ్యమైన కొలతలు ఇవి:

1. గది లోపలి కొలత: 2 మీటర్లు, 2.2 మీటర్లు. చక్రాల కుర్చీ మరలుటకు 1.5 మీటర్ల చుట్టుకొలత గాక, 1.5 మీటర్ల అడ్డుకొలత గల ఖాళీ వలయము కావలెను.

2. తలుపు: తెరచిన తరువాత మిగులు ఖాళీ 900 మి.మీ. ఉండవలెను. ఇచ్చటనే ఎక్కువమంది పొరబడుదురు. వడ్రంగి మూడడుగుల ద్వారబంధమనిన అది వెలుపలి కొలత. రెండు వైపుల కమ్ములు, తలుపు మందము పోగా రెండున్నర అడుగులు మాత్రమే మిగులును. రెండున్నర అంగుళముల కమ్ములతో మూడున్నర అడుగుల ద్వారబంధము పెట్టించినచో 900 మి.మీ. ఖాళీ దొరకును.

3. తలుపు వెలుపలికి తెరచుకొనవలెను, లేదా ప్రక్కకు జరుగవలెను. లోపల ఎవరైన పడిపోయినచో లోపలికి తెరచుకొను తలుపునకు వారి శరీరమే అడ్డు పడును. గడియ పెద్దదిగ, పిడికిలితో త్రోయుటకు వీలుగ, అవసరమైనపుడు బయటి నుండి తీయుటకు వీలుగ ఉండవలెను. తలుపు లోపలి వైపున అడ్డముగ ఒక పట్టుకడ్డీ బిగించినచో కుర్చీలో కూర్చున్నవారు తలుపును దగ్గరకు లాగుకొనగలరు.

4. గడప ఉండరాదు. తప్పనిచో 12 మి.మీ.కు మించక, అంచు ఏటవాలుగ ఉండవలెను. నీరు వెలుపలికి రాకుండుటకు గడప కాదు, నేల వాలు ముఖ్యము.

5. కమోడు ఆసనము నేల నుండి 450 నుండి 480 మి.మీ. ఎత్తున ఉండవలెను. కమోడు నడిమిగీత ప్రక్క గోడకు 450 నుండి 480 మి.మీ. దూరములో ఉండవలెను. రెండవ ప్రక్క 900 మి.మీ. ఖాళీ వదలవలెను. కుర్చీని ఆ ఖాళీలోనికి తెచ్చి, దాని నుండి కమోడు మీదికి జరుగుదురు. ఆ ఖాళీలో బకెట్లు, చీపుళ్ళు పెట్టినచో గది మొత్తము నిరుపయోగమగును.

6. పట్టుకడ్డీలు 38 నుండి 45 మి.మీ. లావున, చెయ్యి దూరునట్లు గోడకు 50 మి.మీ. ఎడముగ బిగించవలెను. గోడ వైపున స్థిరమైన కడ్డీ, ఖాళీ వైపున పైకి మడచు కడ్డీ కావలెను. ఇవి ఆసనమునకు సుమారు 200 మి.మీ. పైన ఉండవలెను. బోలు ఇటుకల గోడకు బిగించిన కడ్డీ ఊడివచ్చును. కావున గోడ కట్టునపుడే ఆ చోట కాంక్రీటు దిమ్మ పెట్టించవలెను. బిగించిన తరువాత 75 కిలోల ధాన్యపు బస్తాను వ్రేలాడదీసి చూడవలెను. బస్తాకు ఆగనిది మనిషికి ఆగదు.

7. చేతులు కడుగు తొట్టి పై అంచు 750 నుండి 850 మి.మీ. ఎత్తులో, క్రింద మోకాళ్ళు దూరునట్లు ఖాళీగ ఉండవలెను. కుళాయి, చెంబు కమోడు మీద కూర్చున్నవారి చేతికి అందవలెను. నునుపు టైల్సు వేయరాదు; తడిసినను జారని గరుకు పలకలే వేయవలెను. నేలపై పడినవారికి కూడ అందునట్లు ఒక గంట త్రాడు ఏర్పాటు చేయవలెను.

"ఇంత పెద్ద గదికి ఎంత ఖర్చగునో" యని వెనుదీయనక్కరలేదు. నాలుగడుగుల చదరపు గదికన్న ఈ గది నేల మూడింతలగుట నిజమే. కాని గోడల పొడవు రెండింతలు కూడ కాదు. గుంత, గొట్టములు, నీటి తొట్టి రెండింటికిని ఒక్కటే. కట్టిన గదిని పడగొట్టి తిరిగి కట్టుటతో పోల్చిన, మొదటనే పెద్దదిగ కట్టుట చవుక.

నేల స్వభావము, గుంతలు

మరుగుదొడ్డి గుంతలు త్రవ్వుటకు ముందు నేల నీటిని ఎంత వేగముగ పీల్చునో పరీక్షించుకొనవలెను. ఇంకుడు గుంత త్రవ్వదలచిన చోట చిన్న గుంత తీసి, అడుగున కొంచెము గులకరాళ్ళు పరచి, నీరు నింపి రాత్రియంతయు నాననీయవలెను. మరునాడు గులకపైన 15 సెంటీమీటర్ల నీరు పోసి, 2.5 సెంటీమీటర్లు దిగుటకు ఎన్ని నిమిషములు పట్టునో గడియారముతో చూడవలెను. అర్ధగంటలోపు దిగినచో ఇంకుడు గుంత పనిచేయును. అర్ధగంట నుండి గంట వరకు పట్టినచో పొడవైన ఇంకుడు కాలువలు కావలెను. గంట మించినచో ఆ నేల పనికిరాదు. ఇంజనీరు సలహాతో వేరు ఏర్పాటు చేసికొనవలెను. ఎర్ర చెలక నేలలలో సాధారణముగ ఇబ్బంది ఉండదు. నల్లరేగడిలో నీరు త్వరగ ఇంకదు. పైగా ఆ నేల తడిసిన ఉబ్బి, ఎండిన పగులును. అట్టిచోట గుంత చుట్టును 300 మి.మీ. మందమున ఇసుక, గులక నింపవలెను.

కొద్దిమంది వాడు చోట జంట గుంతల పద్ధతి మంచిది. ఒక మీటరు అడ్డుకొలత, సుమారు మీటరు లోతు గల గుంత అయిదుగురి కుటుంబమునకు సరిపోవును. ఒకటి నిండిన తరువాత మూసి, రెండవదానిలోనికి మరల్చవలెను. మూసిన గుంతలోని మలము రెండు సంవత్సరములలో వాసనలేని ఎరువుగ మారును. దానిని చెట్లకు, మెట్టపైర్లకు వేయవచ్చును. పచ్చిగ తిను ఆకుకూరలకు వేయరాదు. ఈ గుంతలు మంచినీటి బావికి 10 మీటర్లకు తగ్గకుండ దూరముండవలెను.

పదిమందికి మించి వాడు మిల్లులకు సెప్టిక్ ట్యాంకు కావలెను. దాని వెడల్పు 750 మి.మీ.కు, నీటి లోతు ఒక మీటరుకు తగ్గరాదు. ట్యాంకు నుండి వచ్చు నీటిని రోడ్డు కాలువలోనికిగాని, పంటబోదెలోనికిగాని వదలరాదు. ఇంకుడు గుంతలోనికి పంపవలెను. ఆ ఇంకుడు గుంత బావికి 18 మీటర్ల దూరములో ఉండవలెను.

నిండిన ట్యాంకులోనికి మనిషిని ఎన్నడును దింపరాదు. లోపలి విషవాయువులకు దిగినవాడు క్షణములో స్పృహ తప్పును; అతనిని రక్షింప దిగిన రెండవవాడును ప్రాణము కోల్పోవును. ఇట్లు మనుష్యులను దించుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. మొదటి నేరమునకే రెండు సంవత్సరముల వరకు జైలు, లేక 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును పడవచ్చును. పీల్చు యంత్రము గల బండిని పిలిపించవలెను. ఆ బండి ట్యాంకు దగ్గరకు వచ్చుటకు దారి ఉంచి ట్యాంకు కట్టవలెను.

ఇప్పటికే కట్టినవారు ఏమి చేయవలెను?

పూర్తిగ పడగొట్టవలసిన పని అన్ని చోట్లను ఉండదు. మొదట తలుపును వెలుపలికి తెరచుకొనునట్లు మార్చవలెను; ఇది ఒక పూట పని. తరువాత పట్టుకడ్డీలు బిగించవలెను. మెట్ల ప్రక్కన చోటున్నచో వాలుబాట కట్టవలెను. ప్రక్కప్రక్కన రెండు చిన్న గదులున్నచోట, గోడకు కప్పు బరువు లేదని ఇంజనీరు చెప్పిన తరువాత, నడిమి గోడ తీసి ఒకే పెద్ద గదిగ మార్చవచ్చును. అయితే దానివలన స్త్రీలకు వేరు గది లేకుండ పోరాదు.

కట్టిన తరువాత

మంచి గదులు పాడగుటకు మూడు కారణములు చూచితిని. మొదటిది, గదిని గోనెసంచుల కొట్టుగ మార్చుట. రెండవది, తాళము వేసి చెవి గుమాస్తా వద్ద ఉంచుట. నలుగురిలో చెవి అడుగుటకు సిగ్గుపడి ఎందరో వెనుదిరుగుదురు; ముఖ్యముగ స్త్రీలు. మూడవది, నీరు లేకపోవుట. మిల్లు మోటారు ఆగినను గదిలో నీరు ఉండునట్లు పైన ఒక తొట్టి ఏర్పాటు చేయవలెను. ఘాటైన యాసిడ్లు ఎక్కువగ పోసినచో ట్యాంకులోని సూక్ష్మజీవులు చచ్చి, మలము కుళ్ళుట ఆగిపోవును.

చివరి పరీక్ష

మేస్త్రీకి చివరి కూలి ఇచ్చుటకు ముందు ఈ పరీక్ష చేయవలెను. ఊరిలో చక్రాల కుర్చీ వాడువారిని, లేక చంకకర్రలతో నడచువారిని మర్యాదగ ఆహ్వానించి, బండి దిగు చోటు నుండి గది వరకు వారిని ఒంటరిగ పోనిచ్చి, తలుపు వేసికొని, తిరిగి తీసికొని రమ్మని కోరవలెను. ఎవరును చేయి ఈయరాదు. వారు ఎచ్చట ఆగిరో అచ్చట లోపమున్నట్లు. చట్టములోని కొలతలన్నియు ఈ ఒక్క దానికొరకే ఏర్పడినవి: మనిషి ఒకరి సహాయము అడుగకుండ పోయి, తలుపు వేసికొని, గౌరవముగ తిరిగి రావలెను.

కొలతలను కాగితముపై వ్రాసికొని, పునాది త్రవ్వుటకు ముందే మేస్త్రీ చేతికి ఈయవలెను. పునాదినాడు గీసిన ముగ్గు వెడల్పు చేయుటకు ఖర్చు లేదు; గోడలు లేచిన పిమ్మట వెడల్పు చేయుటకు ఖర్చు కలదు. రైతు సోదరులు, సోదరీమణులు ఈ సంగతి గమనించి, తమ గడపకు వచ్చిన ఏ రైతును సాయంత్రము వరకు ఓర్చుకొని కూర్చుండవలసిన అవస్థ లేకుండ చేయగలరని ఆశించుచున్నాను.